కమల గురుంగ్ మోకాలు

నేపాల్ జట్టు పాలమూరుకు వస్తోందన్న కబురు తెలిసిన రోజు శోభ ఇంటికి కిలో మైసూర్‌పాక్ పట్టుకొచ్చింది. తల్లి గుర్వమ్మ ఆ పొట్లం చూసి, కూతురు ఎవరినో చూసుకుందేమోనని ముందు సంబరపడింది. ఆ తర్వాత అనుమానపడింది.

"ఏందే, పండుగా పబ్బమా? గిన్ని మిఠాయిలు దేనికి?"

"నాకు పండుగొచ్చిందమ్మా. నువ్వు తిను."

అంతకు మించి చెప్పలేదు. నలుగురికీ చెప్పుకునే సంతోషమా అది! మహబూబ్‌నగర్‌లో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెడుతున్నారు. తెలంగాణ జట్టుతో ఆడటానికి నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ జట్లు వస్తున్నాయి. నేపాల్ జట్టుకు నాయకురాలు కమల గురుంగ్. ఆ కమల గురుంగ్ మోకాలు విరగ్గొట్టాలి. ఈ లోకంలో శోభకు మిగిలిన కోరిక అదొక్కటే. మెడల్ వద్దు, మెచ్చుకోళ్ళు వద్దు, మొగుడు అసలే వద్దు. ఆ మోకాలు కావాలి.

అయ్యో, ఆడపిల్లకు ఇంత పగ ఏమిటని ముక్కు మీద వేలు వేసుకునే వాళ్ళు ముందు సంగతి వినాలి. ఎద్దు పుండు కాకికి నొప్పా?

కరోనాకు ముందరి ఏడు శోభ మామూలు పిల్ల కాదు. కొల్లాపూర్ పక్క ఊళ్ళో కుర్మ గుర్వయ్య బిడ్డ. చిన్నప్పటి నుంచీ గొర్రెల వెంట గుట్టలెక్కిన కాళ్ళు. కూత పెట్టి అవతలి కోర్టులో అడుగు పెట్టిందంటే ఒకరినో ఇద్దరినో తాకి గానీ తిరిగి వచ్చేది కాదు. దేశం జట్టు క్యాంపుకు పిలుపు వచ్చింది. క్యాంపు మొదలయ్యే లోపల పోఖరాలో ఒక స్నేహ పోటీ ఉంటే ఆడటానికి వెళ్ళింది. స్నేహమట, స్నేహం! మొదటి సగంలోనే నేపాల్ వాళ్ళను ఉతికి ఆరేసింది. రెండో సగంలో ఒకసారి నలుగురు కలిసి ఆమెను పట్టుకున్నారు. రిఫరీ విజిల్ ఊదాడు. అందరూ వదిలేశారు. శోభ కాలు చాపుకుని కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. అప్పుడు వచ్చి పడింది కమల, విజిల్ తర్వాత, ఒంటి బరువంతా ఆ చాపిన కాలి మీద వేసి. పటుక్కుమన్న చప్పుడు మెట్ల మీద కూర్చున్న జనానికి కూడా వినపడింది.

కాలు జారి పడిందన్నారు. వాళ్ళ కోచ్ పూలగుత్తి తెచ్చి తలగడ దగ్గర పెట్టాడు. మన వాళ్ళు కూడా పోనీలే, విదేశం వాళ్ళతో గొడవెందుకన్నారు. మోకాలికి ఆపరేషన్ అయింది. దేశం జట్టు పోయింది, ఆటల కోటాలో వస్తుందనుకున్న పోలీసు ఉద్యోగం పోయింది. నోటికాడి ముద్ద నేలపాలైంది. శోభ మళ్ళీ నడిచింది, పరుగెత్తింది, ఏడ్చి మొత్తుకుని రాష్ట్రం జట్టులోకి వచ్చింది. కానీ కూతకు వెళ్ళడం మానేసింది. అవతలి కోర్టులో నలుగురు తన మీదికి వస్తుంటే మోకాలు ముందే వణికేది.

అందుకని మూలకు మారింది. కూతకు వచ్చిన వాళ్ళ చీలమండ దొరకబుచ్చుకుని పడేయడం నేర్చుకుంది. కోచ్ రాంచందర్ సారు, పిల్ల తెలివిగా ఆట మార్చుకుందని మురిసిపోయాడు. ఆయనకేం తెలుసు! తను కూతకు వెళ్తే కమల కాలు తనకు దొరకదు. కమల కూతకు వచ్చినప్పుడు మూలన తనుంటే ఆ కాలు నడుచుకుంటూ వచ్చి చేతిలో పడుతుంది. పోఖరా ఆట వీడియో ఫోన్‌లో పెట్టుకుని తినే ముందు చూసేది, తిన్న తర్వాత చూసేది. కమల ఏ కాలు ముందు వేస్తుంది, తిరిగేటప్పుడు బరువు ఏ మోకాలి మీద వేస్తుంది, అన్నీ కంఠతా వచ్చు. ఎడమ మోకాలు. తిరిగిన ప్రతిసారీ ఎడమ మోకాలే.

పోటీలు మొదలైన రోజు స్టేడియంలో నాలుగు జెండాలు కట్టారు. ఒక పెద్ద అధికారి మైకు పట్టుకుని వదల్లేదు. ఆటలు దేశాలను కలుపుతాయన్నాడు, సరిహద్దులు చెరిపేస్తాయన్నాడు, మనసులను దగ్గర చేస్తాయన్నాడు. వరుసలో నిలబడ్డ శోభ కళ్ళు ఎదుటి వరుసలో కమల ఎడమ కాలి మీదే ఉన్నాయి.

"దగ్గరికైతే రానియ్యున్రి సారూ," అంది రాంచందర్ సారుతో మెల్లగా. "తర్వాత సంగతి నేను జూసుకుంట."

"శబాష్! గట్ల ఉండాలె," అన్నాడు ఆయన అమాయకంగా.

తెలంగాణ, నేపాల్ జట్లు ఫైనల్‌కు వచ్చాయి. ఫైనల్‌కు ముందు ఒక రోజు విరామం దొరికింది. అధికారులకు ఊరికే కూర్చోబుద్ధి కాక నేపాల్ పిల్లలకు సోమశిల కాడ కృష్ణమ్మను చూపిస్తామన్నారు. తిరుగు దారిలో స్థానిక క్రీడాకారిణి ఇల్లు చూపిస్తే బాగుంటుందని ఎవరికో తోచింది. స్థానిక క్రీడాకారిణి అంటే శోభే. వద్దు మొర్రో అన్నా వినకుండా రాంచందర్ సారు ఆమెను బస్సెక్కించాడు. శోభ డ్రైవర్ పక్కన కూర్చుని పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటి ముందు బస్సు ఆగేసరికి గుర్వయ్య వాకిలి ఊడ్పించి, మంచాలు వాల్చి ఎదురు చూస్తున్నాడు. భుజం మీద గొంగడి ఉంది. పిల్లలందరినీ మంచాల మీద కూర్చోమన్నాడు. ఆ తర్వాత గొంగడి దులిపి, వాకిలి నడుమ పరిచాడు. పరిచి, పదిమందిలోంచి వెతికి పట్టుకున్నట్టు నేరుగా కమల దగ్గరికి వెళ్ళాడు.

"రా బిడ్డా. నువ్విట్ల కూసో," అన్నాడు గొర్రెల సంతలో నేర్చుకున్న హిందీలో.

తండ్రి ఏం చేయబోతున్నాడో శోభకు అర్థమైపోయింది.

గొంగడి అంటే చలికి కప్పుకునే గుడ్డ అని పట్నం వాళ్ళు అనుకుంటారు. గుర్వయ్య వంశంలో గొంగడి మాట కోర్టు తీర్పు కంటే పెద్దది. మేత కాడ, నీళ్ళ కాడ తలలు పగిలేలా కొట్టుకున్న వాళ్ళను కూడా పెద్దమనుషులు పిలిచి గొంగడి పరుస్తారు. ఇద్దరూ దాని మీద కూర్చుని కలిసి ఒక్క ముద్ద తిన్నారా, ఇక వాళ్ళ మధ్య చెయ్యి లేవకూడదు. లేపిన వాడితో ఎవ్వరూ మంద కలపరు. గుర్వయ్య నెత్తి మీద కర్ర దెబ్బకు పడిన కుట్ల గుర్తు ఇంకా ఉంది. ఆ కర్ర నీళ్ళ కాడ తగువు పడ్డ పక్క మంద పరశురాములుది. ఇద్దరూ గొంగడి మీద కూర్చున్నారు, తిన్నారు. పరశురాములు బిడ్డ పెళ్ళికి గుర్వయ్య పొట్టేలును తోలుకుపోయి మరీ చదివించి వచ్చాడు.

కమలకు ఇవేవీ తెలియవు. బూట్లు విప్పి, వంగి, గొంగడి అంచును వేళ్ళతో నలిపి చూసింది. "మా అమ్మ కూడా ఇలాంటిది నేస్తుంది. మేం రాడీ అంటాం. మావీ గొర్రెలే," అంది వచ్చీ రాని హిందీలో, ముఖం విప్పారి. మఠం వేసుకుని కూర్చుంది. గుర్వమ్మ జొన్నరొట్టె, మటన్ కూర తెచ్చి ముందు పెట్టింది. కమల తుంచి నోట్లో పెట్టుకుంది.

"శోభా, నువ్వు గూడ రా. ఇద్దరొక్కతాన తిన్రి," అన్నాడు గుర్వయ్య.

"నాకాకలి లేదు."

"ఇంటికొచ్చినోల్ల ముంగట గదేం మాటనే?" అని గుర్వమ్మ కసిరింది.

"కింద గూసుంటే కాలు నొస్తదమ్మా," అంది శోభ, కమలను చూస్తూ. తర్వాత అదే మాట హిందీలో కూడా అంది, వినాల్సిన వాళ్ళు వినాలని.

కమల చెయ్యి కూర దగ్గరే ఆగిపోయింది. ఏమిటి సంగతని గుర్వయ్య వైపు చూసింది. ఆయన పక్కన గొంతుకూర్చుని, దాపరికం లేకుండా గొంగడి కట్టుబాటు అంతా చెప్పాడు. కమల నోట్లో ముద్ద నమిలి మింగింది. ఆ తర్వాత తలెత్తింది.

"నేను జారి పడలేదు," అంది.

మంచాల మీది పిల్లలంతా ఇటు తిరిగారు.

"కావాలనే పడ్డాను. నువ్వు మళ్ళీ లేస్తే మేం ఓడిపోతాం. ఓడితే నన్ను జట్టులోంచి తీసేస్తామన్నారు. ఎవరూ పడమని చెప్పలేదు, నాకే ఆ బుద్ధి పుట్టింది. నీ అరుపు విన్నాక తెలిసింది ఏం చేశానో. వచ్చి చెబుదామనుకున్నాను. భయపడ్డాను."

శోభకు ఒళ్ళంతా మంట లేచింది. ఏడుపు కూడా వచ్చింది గానీ దాన్ని ఆ మనిషి ముందు పడనిస్తుందా! "ఇన్నేండ్లు అందరు జారింది జారింది అంటుంటే, నాకే పిచ్చి లేసిందేమో అనుకున్న," అంది హిందీలోనే. "నీ నోటితోని ఒప్పుకున్నవు. మంచిదాయె. ఇగ నాకే అనుమానం లేదు. రేపు మూలకు నేనుంట. రా."

"వస్తాను," అంది కమల. "నువ్వు దీని మీద కూర్చోలేదు, నీకు అడ్డం లేదు. నేను కూర్చున్నాను. నా చెయ్యి నీ మీద లేవదు." అని, తల వంచుకుని, మిగిలిన రొట్టె మొత్తం తినేసింది.

పిల్లలు బస్సెక్కుతుంటే శోభ తండ్రిని గొర్రెల దొడ్డి వెనక్కి లాక్కుపోయింది.

"అదెవరో నీకు తెల్వదా బాపూ?"

"తెల్వకేమి? నువ్వు రోజు ఫోన్ల జూస్తుంటే, నీ ఎనుక నిలవడి నేను జూస్తలేనా?"

"తెలిసి తెలిసి నా నోట్లె మన్ను గొడ్తవా?"

"దాని కోసం పర్సలేదు బిడ్డా. నీ కోసమే పర్సిన. నవ్వు మర్సిపోతివి. తిండి తింటుంటె గూడ పండ్లు నూరుతవు. కన్నోన్ని, ఎట్ల జూస్కుంట ఊకోవాలె?"

"ఇరిగింది నా కాలు! నీది గాదు!" శోభ గొంతు పెద్దదైంది. దొడ్డిలో గొర్రెలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "నీ నెత్తి పగిలితె నువ్వు గూసున్నవు. అది నీ ఖుషి. నా పగ మీద గొంగడి కప్పెతందుకు నువ్వెవరు?"

గుర్వయ్య చెయ్యి నెత్తి మీది కుట్ల గుర్తును తడిమింది. గుండెలో పొడిచినట్టే అయింది ముసలాయనకు. కానీ కూతురు అన్న దాంట్లో అబద్ధం లేదు.

"నిజమే," అన్నాడు. "నువ్వు కూసోలె. నీకు ఏ కట్టుబాటు లేదు. రేపు నీ ఇష్టం. నేనొస్త సూడనీకి."

"రాకు."

"వస్త."

ఫైనల్ రోజు స్టేడియం కిక్కిరిసింది. గుర్వయ్య వచ్చాడు, గుర్వమ్మ వచ్చింది, కొల్లాపూర్ నుంచి జీపుల్లో జనం వచ్చారు. శోభ మోకాలికి పట్టీ బిగించుకుని మూలన నిలబడింది. ఒళ్ళు తేలికగా ఉంది. పెళ్ళి పీటల మీదికి పోయే వాళ్ళకు కూడా అంత తొందర ఉండదు.

కానీ కమల ఆ మూలకు రాలేదు. కూతకు వచ్చిన ప్రతిసారీ రెండో మూలకే పోయింది, పాయింట్ తెచ్చుకుంది, వెళ్ళిపోయింది. మొదటి సగం అయిపోయింది. రెండో సగం కూడా కరిగిపోతోంది. శోభ మిగతా వాళ్ళను పట్టి పడేస్తూనే ఉంది, జనం ఈలలు వేస్తూనే ఉన్నారు. అవి ఆమెకు వినపడితే గదా. నిన్న వస్తానని నోటితో అన్నది, ఇవాళ మొహం చాటేస్తోంది. దొంగది! పిరికిది! అని పళ్ళు పటపటలాడించింది.

ఆఖరి కూత మిగిలింది. రెండు జట్ల పాయింట్లూ సమానం. కూత నేపాల్‌ది. వచ్చిన మనిషిని పట్టుకుంటే తెలంగాణ గెలుస్తుంది, ఎవరినైనా తాకి తిరిగి పోనిస్తే నేపాల్ గెలుస్తుంది. కమల నడి గీత దగ్గరికి వచ్చి, వంగి, నేలను తాకి కళ్ళకద్దుకుంది. కూత పెట్టింది. ఈసారి అటూ ఇటూ చూడలేదు. సూటిగా శోభ మూలకు వచ్చి, వేలితో ఆమె భుజాన్ని తాకి, ఎడమ కాలును ఆమె ముందు పెట్టింది.

శోభ దూకింది. ఒక చెయ్యి చీలమండ మీద, రెండో చెయ్యి మోకాలి చుట్టూ. దొరికింది! జట్టు పిల్లలు సాయానికి పరుగెత్తి వస్తుంటే, "ఎవ్వరు రావొద్దు! ఇది నాది!" అని గావుకేక పెట్టింది. వాళ్ళు బిత్తరపోయి ఎక్కడి వాళ్ళు అక్కడే నిలబడ్డారు.

నెత్తి మీద కమల కూత వినపడుతోంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ. కాలు మాత్రం కదలడం లేదు. గుంజుకోవడం లేదు, తన్నడం లేదు. ఉన్ని కత్తిరించేటప్పుడు ముసలి గొర్రె ఒళ్ళు వదిలేసినట్టు ఆ కాలు శోభ చేతుల్లో ఊరికే పడి ఉంది. శోభ తలెత్తి చూసింది. కమల ఆమె వైపే చూస్తోంది. పెదాలు కూత పెడుతున్నాయి, కళ్ళు తీసుకోమంటున్నాయి. ఆటంతా ఈ మూలకు రాకుండా ఆగి, ఆఖర్న తన కాలును తానే తెచ్చి అప్పజెప్పింది.

శోభకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్ళు పళ్ళు నూరుకున్నది ఇందుకా? పెట్టింది తినడానికా? ఇలా చేతిలో పెట్టిన కాలును విరిస్తే పగ ఎట్లా అవుతుంది, ప్రసాదం అవుతుంది గానీ! అప్పుడు పోఖరాలో తనను లెక్కచేయకుండా కాలు తీసుకుంది, ఇప్పుడు తనను లెక్కచేయకుండా కాలు ఇస్తోంది.

"గుంజుకోవే!" అని అరిచింది. అది తెలుగని గుర్తొచ్చి, "ఖీంచ్! ఖీంచ్ లే!" అని హిందీలో మళ్ళీ అరిచింది. "నీ దానం ఎవరికి గావాలె? గుంజుకో!"

కమల కళ్ళు మారాయి. కూత గట్టిపడింది. ఒక్క ఊపుతో కాలు గుంజింది.

అప్పుడు మొదలైంది అసలు పట్టు. కమల నేల మీద పడి, మోచేతులతో పాకుతూ నడి గీత వైపు జరిగింది. శోభ మ్యాట్‌కు కరుచుకుని వెనక్కి లాగింది. ఒక జానెడు అటు, ఒక జానెడు ఇటు. చెమటకు చేతులు జారుతున్నాయి. జనమంతా లేచి నిలబడ్డారు. ఆ గింజులాటలో కమల ఎడమ మోకాలు పక్కకు తిరిగి శోభ మోచేతి మడతలో ఇరుక్కుంది. ఎన్ని వేలసార్లు అనుకుందో ఆ తీరునే ఇరుక్కుంది. ఒక్క మెలి తిప్పితే చాలు. ఆట జరుగుతున్నప్పుడు విరిగింది కాబట్టి ఏ రిఫరీ తప్పు పట్టడు. ఆటా గెలుస్తుంది, పగా తీరుతుంది.

శోభ భుజాలు బిగుసుకున్నాయి. మెలి తిప్పడానికి మనసొప్పలేదు. పోఖరాలో విరిగింది ఆట ఆగాక చాపుకున్న కాలు. ఇప్పుడు తన చేతుల్లో ఉన్నది ప్రాణమంతా పెట్టి ఆడుతున్న కాలు. దాన్ని ఆపాలి, ఓడించాలి, నేల కరిపించాలి. విరిచిందా, ఆ కమల చేసిన పాడు పనే తనూ చేసినట్టు. మోకాలిని వదిలి, నడుమును వాటేసుకోబోయింది. ఆ అరక్షణంలో కమల ఒళ్ళంతా సాగదీసి చెయ్యి చాపింది. వేలి కొస నడి గీత మీద పడింది.

విజిల్ మోగింది. శోభ చేతులు విప్పింది.

నేపాల్ పిల్లలు ఎగురుకుంటూ వచ్చి కమల మీద పడ్డారు. శోభ బోర్లా పడి ఉన్నచోటే మ్యాట్‌ను పిడికిళ్ళతో గుద్దింది. ఓడిపోయినందుకు ఏడ్చింది, వచ్చిన అదను పోగొట్టుకున్నందుకు ఏడ్చింది, ఎవరేమనుకుంటారో అన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. అంతా అయ్యాక ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది. మోకాలు నొప్పి పెట్టలేదు. ఆఖరి కూత మొదలైన దగ్గర్నుంచి ఆ మోకాలి సంగతే తనకు గుర్తు లేదని అప్పుడు తెలిసింది.

ఈ లోపల పెద్ద అధికారి ఫొటోగ్రాఫర్లను వెంటేసుకుని మ్యాట్ మీదికి వచ్చాడు. "ఇద్దరూ చేతులు కలపండమ్మా, జెండాల ముందు," అన్నాడు. కమల చెయ్యి చాచింది. శోభ ఆ చేతిని అందుకుని, పొట్టేలు కొమ్ము పట్టినట్టు బలం కొద్దీ నలిపింది. కమల ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం ఆగి, ఆమె కూడా అంతే బలంగా నలిపింది. వేళ్ళ ఎముకలు కటకటమన్నాయి. ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. ఎవరూ వదల్లేదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఫొటోగ్రాఫర్లు తీస్తూనే ఉన్నారు.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో వేసి, ఆటతో ఒక్కటైన రెండు దేశాలు అని రాశారు. కళ్ళలో నీళ్ళు ఆనంద బాష్పాలని కూడా రాశారు. ఆ ఫొటో తీస్తున్నప్పుడు వాళ్ళిద్దరూ పళ్ళ బిగువున హిందీలో అనుకున్న మాటలు మాత్రం ఏ పేపరుకూ అందలేదు.

"వచ్చే ఏడు మీ పోఖరాకొస్త," అంది శోభ. "మూలకు నిలవడ. కూతకొస్త. పట్టు, సూద్దాం."

"పట్టుకుంటాను," అంది కమల. "నేను ఒట్టు పెట్టుకున్నాను గదా, నీ మోకాలి జోలికి రాను. నడుము పట్టి పడేస్తాను."

"మోకాలే పట్టు," అంది శోభ, ఇంకా గట్టిగా నలుపుతూ. "జాలి జూపినవో, సంపుత."